అరమెట్టు కింద

ఎడమచేతి చిటికెన వేలిని కుడిచేత్తో పట్టుకుని తీగమీద పెట్టి చూశారు మాస్టారు. పట్టుకున్నంతసేపూ ఉంది. వదలగానే పక్కకి జారిపోయింది. ఉంగరం వేలి సంగతీ అంతే. నొక్కమంటే వంగుతుంది గానీ, నొక్కిందో లేదో దానికే తెలీదు. మధ్యవేలూ చూపుడువేలూ మాత్రం చెప్పిన పని చేస్తున్నాయి. ఏడాదిగా ఆ రెండింటితోనే నెట్టుకొస్తున్నారాయన. ఈ సంగతి తనకీ, ఒక నరాల డాక్టరుకీ తప్ప మూడో మనిషికి తెలియదని ఆయన గట్టి నమ్మకం.

ఒళ్ళో ఉన్నది తల లేని బేస్ గిటారు. మామూలు గిటారుకి మెడ చివర ఒక తల, ఆ తలకి చెవుల్లాగా బిరడలూ ఉంటాయి. వాటిని తిప్పి శ్రుతి చేస్తారు. దీనికి మెడ అయిపోయిన చోటే అన్నీ అయిపోతాయి. శ్రుతి మరలు నాలుగూ అడుగున, తీగలు వచ్చి ఆగే చోట, కుడి అరచేతికి అందుబాటులో ఉంటాయి. పొట్టి ఒళ్ళు, సన్నటి మెడ, నల్లటి నలుపు. చూడ్డానికి పడవ తెడ్డులా ఉంటుంది కాబట్టి దాని పేరు తెడ్డే. ఇలాంటివి ఆయనకి ఇంకో రెండున్నాయి. గోధుమరంగు చెక్కది ఒకటి, ముచ్చటపడి కొనుక్కున్న అయిదు తీగలది ఒకటి. తలల్లేవు కాబట్టి గోడకి తగిలించడానికి కుదరదు. మూడూ బీరువా మీద పక్కపక్కన పడుకుని ఉంటాయి. అంగట్లో దొరికే సంచులు వీటికి మరీ పొడుగు కావడంతో వాళ్ళావిడే కొలతలు తీసి కుట్టింది. తెడ్డుకి పాత గొడుగు గుడ్డ, చెక్కదానికి సోఫా గుడ్డ, మూడోదానికి కర్టెను.

"ఈ ఇంట్లో తలంటూ ఉన్నది నాకొక్కదానికే" అంటుందావిడ ఎవరైనా చుట్టాలొస్తే. చుట్టాలు గిటార్లకేసి ఒకసారి, మాస్టారికేసి ఒకసారి చూసి నవ్వుతారు. మాస్టారూ నవ్వుతారు, వేరే దారి లేక.

ఆవిడ కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటుకి జిప్పు మారుస్తోంది. పొడుగువి పొట్టి చేయడం, బిగువువి వదులు చేయడం, అదీ ఆవిడ పని. మిషను ఆపి ఇటు చూసింది.

"మళ్ళీ దాన్ని ముందేసుకు కూర్చున్నారా? బస్సు వెళ్ళిపోతుంది."

"శ్రుతి చూస్తున్నానే."

"చూడ్డం బానే ఉంది. చప్పుడే వినపళ్ళేదు."

మాస్టారు గభాలున ఒక తీగ మీటి, సంచీ అందుకున్నారు. చొక్కా వేసుకోవడం ఈమధ్య సుళువైంది. ముంజేతుల దగ్గర బొత్తాలకి బదులు టిచ్ బటన్లున్నాయి, టక్కున నొక్కితే పడిపోతాయి. ఇప్పుడందరూ ఇవే కుట్టించుకుంటున్నారని ఆవిడ చెబితే, కాబోలు అనుకున్నారు.

ఆయనకి భయంగా ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, రాత్రంతా సరిగ్గా నిద్ర కూడా లేదు. కారణం తన నోరే.

బ్యాండు బావది. అంటే అక్క మొగుడు. పెద్ద హోటల్లో మధ్యాహ్నం భోజనాల వేళ వాయించే బ్యాండు. అక్క పెళ్ళయిన కొత్తలో బేసతను చెప్పాపెట్టకుండా మానేస్తే, "నాలుగే తీగలురా, అందులో ఏముంది?" అని బావమరిదిని పట్టుకొచ్చి నిలబెట్టాడు బావ. ఏముందో తెలుసుకునేసరికి జుట్టు నెరిసింది. మొదట్లో వాయించింది పెద్ద చెక్క బేసు, మోయలేక భుజం పోయింది. చేతులెత్తి దణ్ణం పెట్టడానికి కూడా నొప్పిగా ఉండే రోజుల్లో, పాత సామాన్ల కొట్లో ఈ తెడ్డు కనబడింది. తల విరిగిపోయిందనుకుని కొట్టువాడు దాన్ని మూలకి పడేశాడు. ఈయనా విరిగిందనే అనుకున్నారు, జాలిపడి కొన్నారు. ఇంటికొచ్చి మామూలు తీగలు ఎక్కించబోతే ఒక్కటీ ఎక్కలేదు. దీని తీగలకి రెండు కొసలా గుండ్లుండాలట. అది తెలిసేదాకా, పనికిమాలిన సరుకు తెచ్చానని బావ చేతా భార్య చేతా చివాట్లు తిన్నారు. సరైన తీగలు తెప్పించి మెడలో వేసుకున్న రోజున, భుజం మీద ఏమీ లేనట్టే అనిపించి, వేసుకున్నానా లేదా అని రెండుసార్లు తడిమి చూసుకున్నారు. అప్పట్నించి హోటల్లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మొండెం మాస్టారు.

ఇక వేళ్ళ సంగతి. బేసు మీద నాలుగు తీగలు, దేన్నీ నొక్కకుండా మీటితే నాలుగు స్వరాలు. పాట ఆ నాలుగింట్లో దేనిమీద నిలబడినా సగం పని తీగే చేసిపెడుతుంది, మిగతా సగానికి రెండు వేళ్ళు చాలు. దేవుడు చల్లగా చూశాడో ఏమో, ఏడాదిగా బావ పాటలన్నీ సరిగ్గా ఆ నాలుగు శ్రుతుల్లోకే మార్చేశాడు. తనకి కీళ్ళనొప్పులట. గిటారు మీద చూపుడువేలు అడ్డంగా పరిచి అన్ని తీగలూ నొక్కాలంటే ప్రాణం పోతోందట. మెడకి బిగించే క్లిప్పు పెట్టుకుంటే ఏ శ్రుతయినా సులువే కదా అని గాయని మొత్తుకుంటే, "క్లిప్పు పెడితే గిటారు పీక పిసికినట్టుంటుందమ్మా" అని కొట్టిపారేశాడు. బావ మొండితనం, కీళ్ళనొప్పులూ తనపాలిట వరమయ్యాయని మాస్టారు లోలోపల సంతోషించి, వెంటనే పాపం అనుకుని లెంపలేసుకున్నారు.

నిన్న సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "ఆ కిటికీ బల్ల దగ్గర కూచునే ముసలాళ్ళు రేపటికి ఒక పాట అడిగార్రా. ఈ పిల్లేమో తన శ్రుతిలో అయితేనే పాడతానని కూచుంది. మొదలు బేసొక్కటే మోగాలి, నీకు తెలుసుగా. వద్దనేద్దామా?"

ఆ 'వద్దనేద్దామా' అన్న మాట దగ్గర మాస్టారికి చురుక్కుమంది. నేను వాయించలేననుకుంటున్నాడా అన్న అనుమానం. "ఎందుకు వద్దనడం? వాయిస్తా" అనేశారు. ఫోన్ పెట్టేశాక గానీ తానేం అన్నారో తెలిసిరాలేదు. గాయని శ్రుతి తన తీగల్లో దేనికీ అందదు. లావు తీగకి సరిగ్గా అరమెట్టు కింద, అంటే హార్మోనియం మీద పక్క మీటంత దూరంలో, ఉంటుంది. అక్కడ వాయించాలంటే నాలుగు వేళ్ళూ కావాలి. పైగా మిగతావాళ్ళంతా చేతులు కట్టుకుని వింటుంటారు. తప్పు పోతే హాలంతా తెలుస్తుంది. తన పరువు పోతే పోయింది, నమ్ముకుని పక్కన నిలబెట్టుకున్న బావ పరువు పోతుంది. వేదిక మీద ఆ మూల చోటు కూడా పోతే ఇక తన చోటంటూ ఎక్కడుంది?

బస్సులో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక ఉపాయం తట్టింది. పాటని తీగల దగ్గరికి తేలేకపోతే తీగల్నే పాట దగ్గరికి దించొచ్చు. నాలుగు మరలు, ఒక్కొక్కటి కాస్తంత వదులు చేస్తే, నాలుగు తీగలూ అరమెట్టు దిగుతాయి. ఆ తర్వాత రోజూ వాయించినట్టే రెండు వేళ్ళతో లాగించొచ్చు. మామూలు గిటారైతే ఎడమచెయ్యి చాపి బిరడలు తిప్పాలి, ఈ చేతికి ఆ సత్తా లేదు. తెడ్డుకి మరలున్నది కుడిచేతి కింద. ఎవరూ చూడరు. మాస్టారు సంచీని ప్రేమగా తట్టారు. పక్కనున్నావిడ లోపల పసిబిడ్డో పిల్లిపిల్లో ఉందనుకుని వంగి చూసింది.

హోటలు వెనక గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ అడిగేదే అడిగాడు. "ఏం మాస్టారూ, ఇంకా తల మొలవలేదా?"

"ఎరువు వేస్తున్నా. చూద్దాం."

వంటిల్లు పక్కనున్న సన్నటి వరండా దాటితే భోజనాల హాలు. తెల్లగుడ్డలు పరిచిన బల్లలు, ఒక పక్కంతా కిటికీలాంటి అద్దాల గోడ, మూలగా జానెడెత్తు వేదిక. బావ అప్పటికే గిటారు తుడుచుకుంటున్నాడు. బట్టతల, పెద్ద పొట్ట, ఇస్త్రీ మడత నలగని కోటు. బావమరిదిని చూడగానే, "ఏరా, వాయిస్తావా నిజంగా?" అన్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరే సరే. ఆ పాటకి నేను గిటారు పట్టను. నా కీళ్ళ సంగతి తెలుసుగా. చిటికెలేస్తాను."

గాయని నవ్వి, "థాంక్స్ అంకుల్" అంది మాస్టారితో. "ఇన్నాళ్ళకి నా గొంతులో నేను పాడబోతున్నా. మీ బావగారి శ్రుతుల్లో పాడి పాడి గొంతు గీరుకుపోయింది."

మొదటి పాటలు సాఫీగా సాగిపోయాయి. చెంచాల చప్పుడు, గ్లాసుల చప్పుడు, వాటికింద తెడ్డు గుండె చప్పుడు. ఆ తర్వాత గాయని మైకు అందుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న ముసలి దంపతులకి నమస్కారం పెట్టి, వాళ్ళ గురించి నాలుగు మంచిమాటలు చెప్పడం మొదలెట్టింది. మాస్టారు శబ్దం తగ్గించి, తల వంచి, కాలి దగ్గరున్న, శ్రుతి కుదిరిందో లేదో చూపించే చిన్న పెట్టె దీపాల్ని చూస్తూ అరచేతి కిందే మరలు తిప్పారు. ఒకటి. రెండు. మూడోది కాస్త ఎక్కువ దిగింది, మళ్ళీ ఎక్కించారు. నాలుగోదానికి ఆకుపచ్చ దీపం వెలిగేసరికి గాయని, "ఇక పాట" అంది.

వాయించారు. ఒక్కరే. లావు తీగ గట్టిగా మీటితే ఆ మోత అద్దాలకి తగిలి వెనక్కి వచ్చింది. వరస మెట్లెక్కి, మెట్లు దిగి, మళ్ళీ మొదటికి వచ్చేవేళకి డ్రమ్సు కలిసింది, కీబోర్డు కలిసింది, గాయని గొంతు ఏ ఇబ్బందీ లేకుండా పైకి లేచింది. ముసలాయన భార్య చేతిమీద చెయ్యి వేశాడు. బావ చిటికెలు వేస్తూ బావమరిది ఎడమచేతికేసే చూస్తున్నాడు. పాటయ్యాక హాలంతా చప్పట్లు. మాస్టారికి ఒళ్ళంతా తేలికైపోయింది. బతికిపోయాన్రా భగవంతుడా అనుకున్నారు. ఆ సంబరంలో మరలు మళ్ళీ బిగించాలన్న మాటే మర్చిపోయారు.

చప్పట్లు ఆగకముందే డ్రమ్సతను తర్వాతి పాటకి కర్రలు తట్టేశాడు. బావ గిటారుతో, కీబోర్డు తన స్వరంతో, మాస్టారు తన తీగతో ఒకేసారి దిగారు.

అబ్బ! ఆ మోత పగవాడికి కూడా వద్దు. రెండు శ్రుతులు ఒకదాని జుట్టు ఒకటి పట్టుకున్నాయి. సూపు తాగుతున్నాయన చెంచా గాలిలోనే ఆగిపోయింది. గాయని వెనక్కి తిరిగి చూసింది.  కంగారులో మాస్టారి ఎడమచెయ్యి, ఎప్పుడో మర్చిపోయిన పాత అలవాటుతో, బిరడల కోసం మెడ చివరికి దూసుకెళ్ళి, అక్కడేమీ లేక, గాలిలో నిలబడిపోయింది. కిటికీ దగ్గర ముసలాయన తనకే చెయ్యి ఊపుతున్నారనుకుని తిరిగి చెయ్యి ఊపాడు.

అప్పుడు బావ కదిలాడు. చూడలేదు, ఆలోచించలేదు. చూపుడువేలు అడ్డంగా పరిచి గిటారు మెడని అరమెట్టు కింద పట్టేసుకున్నాడు. కీబోర్డతను శ్రుతి మార్చే మీట నొక్కి ఒడ్డున పడ్డాడు. పాట మాస్టారి శ్రుతిలోకి వచ్చి చేరింది, గాయని అందుకుంది. సూపు చెంచా నోట్లోకి వెళ్ళింది.

మాస్టారి చెయ్యి కిందికి దిగి తన పని తాను చేసుకుపోతోంది గానీ, కళ్ళు మాత్రం బావ చూపుడువేలి మీదే ఉన్నాయి. ఆ వేలు పాట పొడుగునా అడ్డంగానే ఉంది. ఒక్కసారీ వణకలేదు. కీళ్ళనొప్పి వేలు కాదది. ఇనుప కడ్డీలా ఉంది. చూస్తూ చూస్తూ ఉండగా ఏడాది పాటలన్నీ ఒక్కొక్కటిగా అర్థమైపోయాయి.

విరామంలో ఇద్దరూ వంటింటి పక్క వరండాలోకి వచ్చారు. ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని గోడకి చేరగిలబడ్డాడు బావ.

"కీళ్ళెలా ఉన్నాయి బావా?" అన్నారు మాస్టారు.

"ఏ కీళ్ళు?" అని, నాలుక కరుచుకున్నాడు.

లోపల ఎవరో పళ్ళేలు కడుగుతున్నారు. మాస్టారు ఒకసారి అటు చూసి గొంతు తగ్గించారు.

"ఎప్పట్నించి తెలుసు?"

"మా ఇంట్లో నీ చేతిలోంచి గ్లాసు జారింది చూడు, అప్పట్నించి."

"చూశావా?"

"నాకంత బుర్రెక్కడిదిరా? మీ అక్క చూసింది. 'వాడి చెయ్యి బాలేదు, వాడు చచ్చినా చెప్పడు, మీరేదో ఒకటి చెయ్యండి' అని నా పీకల మీద కూచుంది. నేనేం చేస్తాను, డాక్టర్నా? పాటలు మార్చాను."

"మా ఆవిడకి చెప్పారా?"

"చెల్లెమ్మకి ఒకరు చెప్పాలా? నీ చొక్కా చేతులకి బొత్తాలు పీకి టిచ్ బటన్లు ఎందుకేసిందనుకున్నావ్?"

మాస్టారు ముంజేతికేసి చూసుకున్నారు. "ఫ్యాషనంది."

"నమ్మావు చూడు, అదీ నీ గొప్ప."

"మరి ఆ క్లిప్పు..."

"దాని మాటెత్తకు! అది లేక ఏడాదిగా ఎంత అవస్థ పడ్డానో నీకేం తెలుసు? నువ్వు దాన్ని చూస్తే, నీ కోసం శ్రుతులు మార్చానని పట్టేస్తావని ఇంట్లో పడేశాను. మీ అక్క దాంతో పిండి పాకెట్టు మూతి బిగిస్తోంది."

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు చెమర్చాయి. ముందు సిగ్గేసింది, ఇంతమంది కలిసి తనని చంటిపిల్లాణ్ణి చేశారని. ఆ పిల్ల గొంతు గీరుకుపోయింది కూడా తనవల్లే. కానీ ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకే ఇంకోటి వచ్చింది, ఎండలో నడిచి నడిచి ఇంటికొచ్చి చెప్పులు విడిచినట్టు. ఇక దాచక్కర్లేదు. గ్లాసు పట్టుకునే ముందు అటూ ఇటూ చూడక్కర్లేదు. పొద్దున్నే లేచి వేళ్ళని పరీక్ష పెట్టక్కర్లేదు. ఏడాదిగా దేన్ని చూసి ఇంత భయపడ్డారో అది ఎదురుగా వచ్చి టీ తాగుతోంది, అంతే.

"ఇక చాలు బావా" అన్నారు. "మానేస్తాను."

బావ కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. "ఎప్పట్నించి?"

"ఇప్పట్నించే. ఇంకో పాట వాయిస్తే మళ్ళీ ఉండబుద్ధేస్తుంది."

బావ జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకుని, మడతపెట్టి, మళ్ళీ విప్పి మళ్ళీ తుడుచుకున్నాడు. "పొమ్మనడానికి నాకు నోరు రాలేదురా" అన్నాడు చివరికి. "నీ అంతట నువ్వే అనే రోజు రావాలని ఎదురుచూశాను. వచ్చాక ఏడుపొస్తోంది. హమ్మయ్య అని కూడా ఉంది. రెండూ నిజమే."

"నాకు మాత్రం హమ్మయ్యే ఎక్కువుంది."

"ఇంట్లో ఏం చేస్తావ్?"

"మూడున్నాయిగా. రెండు వేళ్ళతో వాయించుకుంటా. తప్పుపోతే వినేది మా ఆవిడొక్కతే. ఆవిడ మిషను చప్పుడులో అదీ వినపడదు."

విరామం అయ్యాక మాస్టారు వేదిక ఎక్కి, తెడ్డుని గొడుగుగుడ్డ సంచిలో పెట్టుకుని కిందికి దిగారు. వెనక వరండాలోకి కాకుండా ముందుకి, బల్లల మధ్యకి నడిచారు. అద్దాల గోడ పక్కన ఒక ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఈ బ్యాండుని ముందునుంచి ఎప్పుడూ వినలేదు. వాయించేవాళ్ళకి ఎదురుగా కూర్చునే యోగం ఎక్కడిది?

బావ గాయని చెవిలో ఏదో చెప్పాడు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాస్టారికేసి చూసింది. తర్వాత బావ కీబోర్డతని దగ్గరికెళ్ళి అతని ఎడమచెయ్యి తట్టి చూపించాడు, కింది స్వరాలు ఇక నువ్వే చూసుకోవాలని. అతను తలూపాడు గానీ పాట మొదలయ్యాక భయపడి ఆ చెయ్యి పెట్టలేదు. గిటారుంది, గొంతుంది, డ్రమ్సుంది. కింద మాత్రం ఏమీ లేదు. భోజనాలు చేస్తున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఏదో తగ్గిందన్నట్టు తలలెత్తి చూశారు. ఏం తగ్గిందో వాళ్ళకి తెలీదు. మాస్టారికి తెలుసు. తానున్నా లేకపోయినా ఎవరికీ తెలియదని ఇన్నేళ్ళూ అనుకున్న మనిషి, తాను లేని చోటు ఎంత ఉందో చెవులారా విన్నారు. ఛాతీ పొంగింది. మనసులోనే తనకి తాను ఒక నమస్కారం పెట్టుకున్నారు.

రెండో చరణంలో కీబోర్డతని ఎడమచెయ్యి బెరుకుబెరుగ్గా కిందికి దిగింది. ఒక స్వరం, ఆగి ఇంకోటి. తర్వాత వరసగా నడిచింది. అంత బాగాలేదు గానీ, బానే ఉంది. పాట నిలబడింది. అది చూసి మాస్టారికి ఇంకా సంతోషమేసింది.

పక్కనే కిటికీ బల్ల దగ్గరున్న ముసలావిడ వంగి, "మీరు వాయించట్లేదేమండీ?" అని అడిగింది.

"వినడానికొచ్చానండీ."

"మా పాట చాలా బాగా వాయించారు. ఈయనకైతే చెయ్యి కూడా ఊపారు."

"మీరడిగారు కాబట్టే వాయించానండీ" అని, నవ్వు ఆపుకుంటూ లేచారు మాస్టారు. గాయని ఈసారి తన శ్రుతిలోనే ఇంకో పాట ఎత్తుకుంది. అందులో బావ వేలు అడ్డంగా, ఏ దొంగతనమూ లేకుండా, హాయిగా పరుచుకుని ఉంది.

సంచీ భుజానికి తగిలించుకుని ముందు తలుపులోంచి బయటికి వచ్చారు. ద్వారం దగ్గరున్న కొత్త కుర్రాడు, భోజనానికొచ్చిన పెద్దమనిషనుకుని వంగి సలాము కొట్టాడు. అద్దాల గోడ వెంబడి నడుస్తూ ఒకసారి లోపలికి చూశారు. గిటారు వైరు ఊడబీకి వచ్చేశారు గానీ, వేదిక మూలనున్న తన ఆంప్లిఫయర్ని ఆపడం మర్చిపోయారు. కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరగబోయాయి. ఎవరో ఒకరు ఆపుతారులే అనుకుని, ఆ మాట ఇంత తేలిగ్గా అనుకోగలిగినందుకు తానే ఆశ్చర్యపోయి, బస్టాపు వైపు అడుగేశారు.

లోపల వేదిక మీద, ఇన్నాళ్ళూ ఆయన నిలబడిన చోట వైరు కొస పడి ఉంది, వెనక ఆ పెట్టె ఎర్రదీపం వెలిగించుకుని సన్నగా హుమ్మంటోంది.